బావగారి లెన్సుకు ఆటోనగర్ వైద్యం

ఇది ఒక గాజుబిళ్ల సంగతి. రూపాయి కాసుకన్నా కాస్త పెద్దది, అంతే. దాన్ని నేను నా జీవితంలో రెండుసార్లు తిరగేశాను. రెండుసార్లూ కొంప మునిగింది. మునిగినది నా కొంప కాదు, మా బావగారిది. నాకప్పటికి సొంత కొంప లేదు గనక ఆయన కొంపలోనే ఉండేవాణ్ణి. ఆ లెక్కన నేనూ మునిగాను. ఎలా మునిగామో చెప్తాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. మా బావగారు కూడా ఇప్పుడు నవ్వుతారు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఎనభైల మొదటి రోజులు. నేను భీమవరంలో బి.ఎస్సీ. గట్టెక్కి, ఉద్యోగం వెతుక్కుంటూ విశాఖపట్నంలో మా అక్క సావిత్రి ఇంటికి చేరాను. గోపాలపట్నంలో రెండు గదుల అద్దె ఇల్లు. మా అక్క భర్త సుబ్బారావుగారు ఓడల ఏజెంట్ల కంపెనీ ఒకదానిలో పనిచేసేవారు. రేవులోకి ఓడ వచ్చిందంటే ఈయన మెట్లెక్కి పైకి వెళ్లి, కెప్టెనుకు కూరగాయలు కావాలా, మంచినీళ్లు కావాలా, డాక్టరు కావాలా అని కనుక్కోవాలి. ఓడెక్కే ఉద్యోగం అంటే ఆయనకు విమానమెక్కే ఉద్యోగమంత గొప్ప. తెల్ల ప్యాంటు వేసుకునేవారు. రష్యా భాషలో "నమస్కారం", "మంచిది", "రేపు రండి" అనే మూడు ముక్కలు నేర్చుకుని, ఇంటికొచ్చాక పాలవాడి మీద ప్రయోగించేవారు.

అలా ఒక రష్యా ఓడలో ఒక నావికుడితో స్నేహం కుదిరి, బావగారు తన చేతి గడియారం విప్పి అతనికిచ్చారు, అతను తన మెడలోని కెమెరా తీసి ఈయనకిచ్చాడు. ఆ గడియారం పెళ్లిలో మా నాన్న పెట్టింది. ఈ సంగతి మా నాన్న చెవిన పడకూడదని నేను విశాఖలో దిగిన రోజే నాచేత ఒట్టు వేయించుకున్నారు.

కెమెరా ఇనప బీరువాలో అక్క పట్టుచీరల మధ్య ఉండేది. "నా చీరలు జరిగి దానికి చోటిచ్చాయిరా. సవతి వచ్చినా ఇంత మర్యాద చేసుండేదాన్ని కాదు" అనేది అక్క.

ఆ కెమెరా గురించి ఒక్క ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. దానిలో మనం చూసే కిటికీ వేరు, బొమ్మను పట్టే లెన్సు వేరు. కిటికీలోంచి చూస్తే లోకం ఎప్పుడూ కడిగిన ముత్యంలా ఉంటుంది. లెన్సుకు ఏ రోగం వచ్చిందో రీలు కడిగించాకే తెలుస్తుంది. ఈ ముక్క అర్థమైతే మిగతా కథ మీకు కష్టం కాదు. మాకు ఇదే అర్థం కాలేదు.

ఆ ఏడు వానాకాలం వెళ్లాక, తీసిన ఫోటోలన్నీ మంచుపొగ కమ్మినట్టు రావడం మొదలెట్టాయి. బావగారు బ్యాటరీలైటు వేసి లెన్సులోకి చూశారు. ముందు గాజు వెనకాల సాలెగూడులాంటి తెల్లటి అల్లిక.

"ఏవిటండీ అది?" అంది అక్క.

"ఏదో పువ్వులా ఉంది."

"పువ్వు కాదు, బూజు. ఊరగాయకి పట్టినట్టే. ఉప్పు తగ్గితే పడుతుంది."

"విశాఖపట్నంలో ఉప్పు తగ్గడవేంటే" అన్నారు బావగారు, బాధలో కూడా తర్కం వదలకుండా.

డాబాగార్డెన్స్‌లో కెమెరాలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. బావగారూ నేనూ వెళ్లాం. ఆయన కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల బూజండి. సముద్రం గాలి. ఈ ఊళ్లో ఇనప గుమ్మాలే తినీస్తాది, గాజు ఓ లెక్కేటి" అన్నాడు.

"బాగుచేస్తారా?"

"సేస్తానండి. కాని ఇప్పుడు కాదు. అమ్మాయి పురిటికి పార్వతీపురం ఎల్తన్నాను. వచ్చేక ఇప్పి సూస్తాను."

"అంతవరకూ ఆగలేనండి. పోనీ కొత్త లెన్సు వేస్తారా?"

బావగారు ఆ కెమెరాను దాని జన్మవృత్తాంతం చెప్పకుండా ఎవరికీ చూపించరు. ఆయనకూ చెప్పే ఉన్నారు. అందుకని ఆయన శాంతంగా అన్నాడు: "ఇది రష్యాదండి. కొత్త లెన్సు కావాలంటే ఇంకో ఓడ రావాలి, అందులోంచి ఇంకో నావికుడు దిగాలి, మీ సేతికి ఇంకో వాచీ ఉండాలి."

బావగారు తొందరపడటానికి కారణం ఉంది. వాళ్ల మేనేజరు భాస్కరంగారు బదిలీ మీద కలకత్తా వెళ్లిపోతున్నారు. వీడ్కోలు సభ ఆ వారంలోనే. "సుబ్బారావ్, బయటివాళ్లెందుకు, నీ రష్యా కెమెరాతోనే అందరికీ ఒక గ్రూపు ఫోటో తియ్యవోయ్" అన్నారట ఆయన అందరిముందూ. ఈయన "అలాగే సార్" అనేశారు. ఇప్పుడు పోయి "లెన్సుకు బూజండి" అంటే, ఓడెక్కే మనిషి పరువేం కాను?

ఆ రాత్రి భోజనం దగ్గర బావగారు పెరుగన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "ఆ కెమెరాను ఎవరూ ముట్టుకోకండి. నేను ఏదో ఒకటి ఆలోచిస్తాను" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఏదో ఓడ వచ్చిందని రేవుకు వెళ్లిపోయారు. ఆయన ఆలోచించేలోగా నేను ఆలోచించేశాను.

"అక్కా, బీరువా తాళం ఇలా ఇవ్వు."

"ముట్టుకోవద్దన్నారు కదరా బాబ్జీ."

"నేను ముట్టుకోను. ముట్టుకునేవాడి దగ్గరికి తీసుకెళ్తాను."

"దాని గురించి నీకేం తెలుసు?"

"కటకాల మీద డిగ్రీలో పెద్ద ప్రశ్నే రాశాను. కుంభాకార కటకం, పుటాకార కటకం, బొమ్మలతో సహా."

"ఎన్ని మార్కులొచ్చాయి?"

"అది వేరే సంగతి."

అక్క తాళం ఇచ్చింది. ఇందులో ఆమె తప్పు లేదు. తమ్ముడు సైన్సు చదివాడు కదా అనుకుంది. కోతి చేతికి కొబ్బరికాయ ఇస్తే కోతిని తిడతాం. కోతి బి.ఎస్సీ. పాసైతే ఎవరిని తిట్టాలో శాస్త్రంలో లేదు.

ఎన్.ఎ.డి. కూడలి దగ్గర బస్సు మారి ఆటోనగర్ చేరాను. అక్కడ ఒక లారీల మరమ్మతు షెడ్డులో గుమాస్తా పని ఉందంటే నెల కిందట వెళ్లాను. పని దొరకలేదు గాని ఎర్రినాయుడు దొరికాడు. ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసేవాడు. నా ఈడువాడే, నాలాగే ప్రపంచంలో ఏ పనైనా చేయగలనని నమ్మేవాడు. తేడా ఏమిటంటే, అతనికి ఒక పని నిజంగా వచ్చు.

"ఏటి బావ, ఆ పొట్లం?" అన్నాడు నన్ను చూసి.

ఇక్కడ చిన్న మాట. విశాఖలో బావ అంటే చుట్టరికం కాదు, పిలుపు. రిక్షావాడూ బావే, కండక్టరూ బావే. నాకు నిజం బావగారు ఒకరుండటం వల్ల మొదట్లో ఎవరు పిలిచినా ఉలిక్కిపడి లేచి నిలబడేవాణ్ణి.

పొట్లం విప్పి చూపించాను. ఎర్రినాయుడు లెన్సులోకి ఒక కన్ను మూసి చూశాడు.

"ఇదా. ఇప్పీద్దుం."

"నువ్వు ఇంతకుముందు కెమెరాలు విప్పావా?"

"లారీ గేరుబాక్సు ఇప్పి బిగించీగల్ను. ఇదేటి, అరసేతిలో పట్టీ డబ్బా. మరల్లేని వస్తువు లోకంలో ఉందేటి? మరుంటే ఇప్పొచ్చు."

ఈ సిద్ధాంతం నాకు బాగా నచ్చింది. లెన్సు చుట్టూ ఒక రింగు, దానికి ఎదురెదురుగా రెండు గాట్లు ఉన్నాయి. నా జామెట్రీ పెట్టెలోని వృత్తలేఖినికి ఇంతకాలానికి ఒక ప్రయోజనం దొరికింది. దాని రెండు కాళ్లనూ గాట్లలో పెట్టి తిప్పితే రింగు కదల్లేదు. ఉప్పుగాలికి బిగుసుకుపోయింది. ఎర్రినాయుడు ఒక్క చుక్క కిరసనాయిలు వేసి, బీడీ తాగి వచ్చి, మళ్లీ తిప్పాడు. రింగు ఊడింది. ముందు గాజు అతని అరచేతిలోకి పండులా జారింది.

బూజు దాని వెనకవైపే ఉంది. స్పిరిట్‌లో ముంచిన పాత పంచె ముక్కతో నేను తుడిచాను. రెండు తుడుపులకే పోయింది. గాజు వానచినుకులా మెరిసిపోయింది. దాన్ని పాత పేపరు మీద పెట్టి, ఒకరినొకరు చూసుకుని మురిసిపోయాం. ఇంతలో బయట ఒక లారీ హారను కొట్టింది. ఎర్రినాయుడు ఉలిక్కిపడ్డాడు, బల్ల కదిలింది, గాజు దొర్లి పేపరు అంచున ఆగింది. కింద పడలేదు. పడి ఉంటే ఈ కథ ఇక్కడే, గౌరవంగా, ముగిసి ఉండేది.

"బిగించు" అన్నాను.

"బిగిస్తాను. ఇది ఎటు తిరిగి ఉండీది?"

అప్పుడు చూశాను. ఆ గాజుకు ఒక వైపు బొజ్జ ఉంది, రెండో వైపు దాదాపు చదును. విప్పేటప్పుడు బొజ్జ బయటికి ఉందా, లోపలికి ఉందా? ఇద్దరం పైకప్పు వైపు చూశాం. ఇద్దరికీ గుర్తులేదు.

"నువ్వేమంటావు?" అన్నాను.

"లోనికే బావ. బొజ్జ బయటికుంటే గీతలు పడిపోవేటి? తాబేలు సూడు, తల లోనికే పెట్టుకుంటాది."

నేను పేపరు అంచు మీద పెన్సిలుతో కాంతి కిరణాలు గీశాను. కిరణం బయటినుంచి వచ్చింది, గాజులో దూరింది, వంగింది. ఎటు వంగిందో నాకు తెలియలేదు గాని, వంగిన తీరు అందంగా ఉంది. "భౌతికశాస్త్రం కూడా అదే చెబుతోంది. లోపలికే" అన్నాను గంభీరంగా. భౌతికశాస్త్రం అలాంటిదేమీ చెప్పలేదు. తాబేలును చూసి నేనే చెప్పాను.

బొజ్జ లోపలికి పెట్టి బిగించాం. కెమెరా కిటికీలోంచి చూస్తే ఎర్రినాయుడు ముఖం కడిగిన ముత్యంలా ఉంది. కిటికీ వేరు, లెన్సు వేరు అని మీకు ఇందాకే చెప్పాను. ఆ మాట ఆ పూట నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం బావగారు రాగానే కెమెరా తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన ముఖం ముందు నల్లబడింది. బ్యాటరీలైటు వేసి చూశాక వెలిగింది.

"బూజేదోయ్?"

"పోయిందండి. ఆటోనగర్లో ఒక నిపుణుడున్నాడు. ఎర్రినాయుడుగారని."

"ఆయన చాలా పెద్దాయనా?"

"పొడుగేనండి."

ఆ రాత్రి బావగారు నా విస్తట్లో ముద్దపప్పు మీద రెండోసారి నెయ్యి వేశారు. ఈ మర్యాద నేను అల్లుడినయ్యాక కూడా ఎక్కడా చూడలేదు.

వీడ్కోలు రోజు వచ్చింది. ఆఫీసు ముందు ఆవరణలో కుర్చీలు వేశారు. వెనకాల రేవులో క్రేనులు, ఓడల పొగగొట్టాలు. బావగారికి తను కూడా ఫోటోలో ఉండాలని ఉంది గనక నొక్కే పని నాకప్పగించారు. భాస్కరంగారు మెడలో బంతిపూల దండతో మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఒక పక్క ఆయన భార్య, ఒక పక్క ముసలి అకౌంటెంటు.

ఆ రెండో పక్క కుర్చీ తనదేనని అసిస్టెంటు మేనేజరు గవర్రాజుగారు అనుకుంటున్నారు. భాస్కరంగారి తరవాత మేనేజరు కాబోయేది ఆయనే. ఇద్దరికీ పడదు. కుర్చీ దక్కకపోయేసరికి గవర్రాజుగారు వరస చివరికంటా నడిచి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇలా కాస్త లోపలికి రండి సార్" అన్నాను.

"నా గురించి నువ్వు కంగారుపడకు. నేను ఎక్కడ నిలబడినా గవర్రాజునే" అన్నారు.

బావగారు రెండో చివర నిలబడ్డారు. నేను నొక్కాను. అనుమానం తీరక మళ్లీ మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఒక్కటేనని తరవాత తెలిసింది.

స్టూడియోలో ఫోటోలు అడిగితే, అక్కడి మనిషి కవరు ఇస్తూ చాలా మెల్లగా అడిగాడు. "మీరు తీసినప్పుడు భూకంపం గాని వచ్చిందాండి?"

కవరు విప్పాం. భాస్కరంగారు అద్భుతంగా ఉన్నారు. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. దండలో బంతిపూలు రేకులతో సహా తేటగా ఉన్నాయి. ఆయన భార్యకు భర్త వైపు చెంప బాగానే వచ్చింది, అవతలి చెంప పొగైపోయింది. అక్కడినుంచి మొదలు, ఆఫీసు సిబ్బంది మొత్తం గుండ్రంగా సుడి తిరుగుతున్నారు. కవ్వంతో చిలికినట్టు, మధ్యలో భాస్కరంగారు వెన్నముద్ద, చుట్టూ మిగతావాళ్లందరూ మజ్జిగ. ఇక గవర్రాజుగారు. ఆయన కట్టుకున్న చేతులు ఉన్నాయి. పైన ముఖం ఉండాల్సిన చోట దోసె పిండి పోసి గరిటెతో తిప్పినట్టుంది.

ఇంట్లో అక్క ఫోటోను వెలుతురులోకి పట్టుకుని, "మీరెక్కడున్నారండీ?" అంది.

"ఇదిగో."

"ఇది పొగ కదండీ."

"ఆ పొగలో ఉన్నాను" అన్నారు బావగారు.

తరవాత నా వైపు తిరిగి, "ఆ ఎర్రినాయుడుగారు ఏ కంపెనీ కెమెరాల నిపుణుడోయ్?" అని అడిగారు.

"లారీలండి" అన్నాను.

ఆయన వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి నా కంచంలోకి నెయ్యి అసలు రాలేదు. అడిగే ధైర్యం నాకు లేదు, వేసే ధైర్యం అక్కకూ లేదు.

పార్వతీపురం వెళ్లినాయన అప్పటికి తిరిగొచ్చాడు. మనవడు పుట్టాడట, హుషారుగా ఉన్నాడు. మేం టీ తాగేలోగా లెన్సు విప్పి సరిచేసి చేతిలో పెట్టాడు. "ఎవడో ముందు గాజు తిరగేసి పెట్టినాడండి. బొజ్జ బయటికుండాలి. లోనికి పెడితే నడిమధ్య ఒక్కటే తేటగా వస్తాది, సుట్టూ సుడి తిరుగుద్ది. ఎవడండి ఆ మహానుభావుడు?"

బావగారు నన్ను చూశారు. నేను దుకాణం గోడ మీది కేలండరు చూశాను.

భాస్కరంగారు కలకత్తా రైలెక్కే ముందురోజు, ఇక తప్పక, బావగారు ఆ ఫోటోను పటం కట్టించి పట్టుకెళ్లారు. తోడుకు నన్నూ లాక్కెళ్లారు, తిట్లు పంచుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. గదిలో గవర్రాజుగారు కూడా ఉన్నారు. భాస్కరంగారు కళ్లజోడు పెట్టుకుని పటాన్ని చాలాసేపు చూశారు.

"సుబ్బారావ్" అన్నారు చివరికి. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్లు ఈ ఆఫీసు నడిపాను. మీరంతా తలో దిక్కుకు గిరగిర తిరుగుతూనే ఉన్నారు. మధ్యలో నేనొక్కణ్ణే నిలకడగా నిలబడ్డాను. ఈ సంగతి నేను నోరు విడిచి ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. నువ్వు ఫోటోలో పట్టేశావు."

బావగారు నమస్కారం పెట్టారు. భాస్కరంగారు ఆ పటాన్ని తన దుప్పట్ల మధ్య జాగ్రత్తగా సర్దించి కలకత్తా తీసుకెళ్లిపోయారు. మేం గండం గడిచిందనుకున్నాం.

వారం తిరిగేసరికి కొత్త మేనేజరు గవర్రాజుగారు బావగారిని గదిలోకి పిలిచారు. ఆ మాటలు బావగారు ఇంటికొచ్చి చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"సుబ్బారావ్, ఆ ఫోటోలో వరస చివరున్నది నేనే కదా?"

"అవునండి."

"నా మొహం ఏదయ్యా?"

"కదిలినట్టున్నారండి."

"నేను కదిలాను. మరి అందరూ కదిలారేటి? భాస్కరంగారు తప్ప ఆఫీసు ఆఫీసంతా ఒక్కసారే కదిలిందా?"

బావగారు ఇక ఓడ మెట్లు తనవి కావనుకున్నారట. గవర్రాజుగారు కుర్చీ వెనక్కి వాల్చి, కాస్త గొంతు తగ్గించి అన్నారు. "సరే, అయిందేదో అయింది. కొత్త మేనేజరు, సిబ్బంది కలిసున్న ఫోటో ఒకటి మద్రాసు హెడ్డాఫీసుకు పంపాలి. సోమవారం తీద్దాం. అదే కెమెరా. అదే పద్ధతి. మధ్యలో నేను. అర్థమైందా?"

అర్థమైంది. అదే పెద్ద చిక్కు. లెన్సు ఇప్పుడు బాగుంది.

డాబాగార్డెన్స్ ఆయన దగ్గరికి ఇద్దరం పరుగెత్తాం. నేనే అడిగాను.

"దీన్ని మళ్లీ ఇదివరకులా చెయ్యాలండి."

"ఇదివరకులా అంటే ఏటండి? బూజా?"

"బూజు కాదు. గాజు తిరగేయాలి."

ఆయన పట్టకారు కింద పెట్టి, మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "నానిక్కడ కూకున్నది బాగుసెయ్యడానికండి. సెడగొట్టడానికి ఆటోనగర్ ఉంది కదేటి."

బావగారు తల దించుకుని బయటికి నడిచి, అక్కడే నిలబడిపోయారు. తరవాత కెమెరాను మెడలోంచి తీసి నా మెడలో వేశారు. "మీ ఎర్రినాయుడుగారి దగ్గరికి వెళ్లవోయ్. ఎలా చెడగొట్టారో అలాగే చెడగొట్టించుకురా. కొత్తగా ఏమీ కనిపెట్టకండి" అన్నారు. ఆ మాటలు అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో నాకు కనిపిస్తూనే ఉంది.

ఎర్రినాయుడు కథంతా విని కడుపుబ్బ నవ్వాడు. "మనం సేసిన పనికి ఇంత గిరాకీ ఉందనీసి తెల్దు బావ. రెండు నిమిషాలు. నువ్వెల్లి టీ తాగీసి రా."

నేను టీ తాగి వచ్చేసరికి రింగు ఊడదీసి ఉంది, గాజు తన గూట్లో ఉంది, ఎర్రినాయుడు బయట ఎవరో లారీ యజమానితో బేరింగుల గురించి వాదిస్తున్నాడు. నేను లెన్సులోకి వంగి చూశాను. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదు. ఒక బావగారి ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉంది. జాగ్రత్తగా గాజు బయటికి తీసి, తిరగేసి, మళ్లీ గూట్లో పెట్టాను. ఎర్రినాయుడు వచ్చి రింగు బిగించాడు. నేను అతన్ని ఏమీ అడగలేదు, అతను నన్ను ఏమీ అడగలేదు. పని తెలిసినవాళ్లు ఎక్కువ మాట్లాడుకోరని మా ఇద్దరి నమ్మకం.

సోమవారం అదే ఆవరణ, అవే కుర్చీలు. గవర్రాజుగారు మధ్య కుర్చీలో కొత్త సఫారీ సూటుతో కూర్చున్నారు. పక్కన ఎవరు కూర్చున్నా ఆయనకు పట్టింపు లేదు. ఎలాగూ సుడిలో కలిసిపోతారు. ముసలి అకౌంటెంటును, టైపిస్టును, ప్యూను అప్పన్నను కూడా ఎంతో ప్రేమగా దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఆయనకింత ఆదరం ఉందని ఎవరికీ తెలియదు. అప్పన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను నొక్కాను.

ఫోటోలు వచ్చాయి. కవరు విప్పిన బావగారు అలాగే మెట్టు మీద కూలబడ్డారు.

అంత మంచి గ్రూపు ఫోటో నేను నా జన్మలో మళ్లీ తీయలేదు. ఈ చివరినుంచి ఆ చివరికంటా ప్రతి ముఖం తేటతెల్లంగా ఉంది. అప్పన్న చెవి పోగు కనిపిస్తోంది. టైపిస్టు జేబులో పెన్ను కనిపిస్తోంది. వెనకాల క్రేను మీద కూర్చున్న కాకి కూడా కనిపిస్తోంది. గవర్రాజుగారు కూడా కనిపిస్తున్నారు, అందరితో పాటు, అందరంతే.

నేను ఫోటో పట్టుకుని నేరుగా ఆటోనగర్ వెళ్లాను.

"నాయుడూ, సుడి ఏదీ?"

"నాను తిప్పీసినాను కదేటి."

"ఎప్పుడు?"

"నువ్వు టీకి ఎల్లినప్పుడు. బొజ్జ లోనికి పెట్టీసి, ఒకసారి నువ్వు కూడా సూత్తావనీసి రింగు బిగించకుండా ఉంచినాను." నా ముఖం చూసి అతను ఆగాడు. "ఏటి, నువ్వు కూడా తిప్పినావా?"

నేను పక్కనున్న లారీ టైరు మీద కూర్చున్నాను. చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. చెరపడం చేతకాకపోయినా చెడతామని చెప్పడం మరిచిపోయారు.

గవర్రాజుగారు ఆ ఫోటోను బల్ల మీద పెట్టుకుని, ఒక్కొక్క ముఖం మీదా వేలు పెట్టుకుంటూ వెళ్లారట. చివరికి తల ఎత్తి, "ఇందులో అందరూ కనబడతన్నారయ్యా. మేనేజరెవరో ఎలా తెలుస్తాది?" అన్నారట.

ఆ ఫోటో మద్రాసు వెళ్లలేదు. ఆఫీసులో మాత్రం ప్రతివాడూ ఒక్కొక్క ప్రతి కడిగించుకుని ఇంటికి తీసుకెళ్లాడు. అప్పన్న భార్య అది చూసి, "ఈసారి నీ మొగం ఉంది" అందట. బావగారికి ఓడల మెట్లు తప్పాయి. గోడౌనులో బస్తాలు లెక్కపెట్టే పనికి మార్చారు. మొదట్లో నాతో మాట్లాడటం మానేశారు. అక్క మాత్రం, "పోనీలేండి, సాయంత్రం దీపాలవేళకి ఇంట్లో ఉంటున్నారు. ఓడలకి కూరగాయలు మోసిన మనిషి ఇన్నేళ్లకి మనింటికి కూరగాయలు తెస్తున్నారు" అనేది. నేను విశాఖలో మొహం చెల్లక, నెల్లాళ్లలో గుంటూరులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఉద్యోగం చూసుకున్నాను. అక్కడ పిల్లలకు కటకాల పాఠం చెప్పమన్నారు. ఆ అధ్యాయం పరీక్షలో రాదని చెప్పి వదిలేశాను. ఆ ఏడు అదే వచ్చింది.

అప్పుడు చేశాను ప్రతిజ్ఞ. స్నానం చేసి, తూర్పు తిరిగి, సకల దేవతల సాక్షిగా చేశాను. ఈ జన్మలో ఏ లెన్సునూ విప్పను, తుడవను, తిప్పను. నా కళ్లజోడుకు మసి పట్టినా లోకానికే మసి పట్టిందనుకుంటాను గాని గాజు జోలికి పోను. ఈనాటికీ విశాఖనుంచి హౌరా వైపు రైలెక్కితే, దారిలో కటకం స్టేషను వచ్చినప్పుడు కిటికీ తలుపు దించేసి, బండి కదిలేదాకా కళ్లు మూసుకుని కూర్చుంటాను.